బాత్రూం చూపులు

ఆ ఏడు తుఫాను వెళ్లిపోయాక శ్రీకాకుళంలో కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతుండేది. దాంతో ఊళ్లో చాలామందికి గ్యాస్ గీజర్ మీదకి మనసు మళ్లింది. రిటైర్డ్ లెక్కల మేస్టారు జగన్నాధం గారికీ మళ్లింది. ఆయన గీజర్ తెమ్మని కొడుకు వినోద్‌ని పంపిస్తే, వినోద్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

తప్పు అతనిది కాదు. ఆ షాపు పద్ధతే అంత. మేనమామ షాపుని నడుపుతున్న నీలవేణి, బాత్రూం చూడకుండా ఎవరికీ గ్యాస్ గీజర్ అమ్మదు. ఊరి జనం దీనికి బాత్రూం చూపులని పేరు పెట్టేశారు. ఆమె వస్తోందంటే ఇల్లాళ్లు ముందురోజే టైల్సు తోమి, కొత్త మగ్గు కొనిపెట్టేవారు. మా బాత్రూం నచ్చలేదట అంటే వీధిలో తలెత్తుకోలేమని భయం.

"మీ బాత్రూంకి కిటికీ ఉన్నాదా?"

కలెక్టరేట్లో జూనియర్ అసిస్టెంటు వినోద్‌ని ఒక చక్కని అమ్మాయి కళ్లలోకి చూసి అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆ కళ్లు చూస్తూ అతను ఉందో లేదో మర్చిపోయాడు. ఆమె నిట్టూర్చి, టేపు బ్యాగులో వేసుకుని, అతని బండి వెనకాలే తన స్కూటీ మీద బయల్దేరింది.

ఇంట్లో వినోద్ తల్లి పద్మకుమారి ఉప్మా, కాఫీ సిద్ధం చేసింది. వచ్చింది దేనికైనా, పెళ్లీడు పిల్ల కదా అని ఆవిడ మంచి గ్లాసులు తీసింది. నీలవేణి నేరుగా బాత్రూంలోకి వెళ్లి అగరవత్తి వెలిగించింది. ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తా అని జగన్నాధం గారు మురిసిపోయారు. ఆమె చూస్తున్నది పొగని. అది ఎటూ పోకుండా తల చుట్టూనే తిరుగుతోంది.

కిటికీ ఒకప్పుడు ఉండేది. వాస్తు చూసే కూర్మయ్య దాన్ని ఇటుకలతో మూయించేశాడు. ఆగ్నేయంలో అగ్ని ఉండాలి, గాలి దూరితే కొట్టుకుంటాయి, గీజరూ సిలిండరూ లోపలే పెట్టుకోండి అని సెలవిచ్చాడు. నలభై ఏళ్లు పిల్లల చేత ప్రతిదానికీ రుజువు రాయించిన మేస్టారు, కూర్మయ్యని మాత్రం ఏ రుజువూ అడగలేదు.

"సూడండి మేస్టారూ," అంది నీలవేణి. "తలుపేసుకుంటే ఈ మంట గదిలో గాలంతా తినేస్తాది. విషవాయువు పుడతాది. దానికి వాసనుండదు, రంగుండదు. మనిషి తెలీకుండానే పడిపోతాడు. గీజర్ గోడ బయటెట్టి వేణ్ణీళ్ల పైపు ఒకటే లోపలికి లాగుదాం. ఆ కిటికీ తెరిపించండి."

"శుభమా అని గీజరెట్టుకుంటే, మనిషి పడిపోడమేటమ్మా?"

నీలవేణి వినోద్ వైపు చూసింది. నువ్వయినా చెప్పు అన్న చూపు అది. వినోద్‌కి అర్థమైంది, ఆమె చెప్పింది నిజమనీ తెలుసు. కానీ పుట్టి బుద్ధెరిగాక తండ్రితో అతను అన్నది ఒకటే మాట, "అలాగే నాన్నగారూ". ఆ మాట ఇక్కడ పనికిరాదు గనక ఉప్మాలో జీడిపప్పు వెతుక్కున్నాడు.

"నాకీ బాత్రూం నచ్చలేదండి," అని చెప్పి, మిగిలిన కాఫీ తాగేసి ఆమె వెళ్లిపోయింది.

మర్నాడే జగన్నాధం గారు ఇంకో షాపులో, చూపులూ గీపులూ లేకుండా గీజర్ కొనేశారు. కూర్మయ్య పెట్టిన ముహూర్తానికి అది మూసిన బాత్రూంలో గోడకెక్కింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. బిగించినవాడు హారతి కళ్లకద్దుకున్నాడు గానీ కిటికీ మాటెత్తలేదు.

ఆ సాయంత్రం వాన మొదలైంది. వినోద్ గ్యాస్ ట్యూబు కావాలన్న వంకతో తడుస్తూ షాపుకి వెళ్లాడు. తల తుడుచుకోమని నీలవేణి పాతగుడ్డ ఇచ్చింది. దానికి కిరసనాయిలు వాసన వచ్చినా అతనికి అత్తరులాగే ఉంది. గీజర్ లోపలే పెట్టించేశారా అని ఆమె అడిగింది. అతను తలూపాడు.

"మరి మీరేటన్నారు?"

"అలాగే నాన్నగారూ అన్నాను."

"రేపు ఆయనకేదైనా అయితే, అప్పుడూ అలాగే అంటారేటి?"

వినోద్ గుడ్డ మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. ఆమె వాన వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆ గీజర్ తీయించాకే ఇటు రండి. మీరు రావడం నాకిష్టమే, అందుకే సెప్తన్నాను," అంది.

వినోద్ ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నవ్వుకున్నాడు, వీధి మలుపులో భయపడ్డాడు. ఆ అమ్మాయి కావాలంటే నాన్నకి ఎదురు చెప్పాలి. చెప్పకపోతే అమ్మాయి మాట అటుంచి, నాన్నే దక్కకపోవచ్చు. రాత్రంతా ఆలోచించి, పిరికివాడికి మాత్రమే తట్టే ఉపాయం ఒకటి కనిపెట్టాడు. గ్యాస్ గీజర్ వెలగాలంటే దాని అడుగున రెండు లావుపాటి సెల్లులుండాలి. వాటిని తెల్లారుజామునే ఊడబీకి జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు నుంచీ జగన్నాధం గారి గీజర్ వెలగలేదు. ఆయన మంచులాంటి నీళ్లతో స్నానం చేస్తూ, శనిగ్రహమేమోనని కూర్మయ్యని అడిగారు. కూర్మయ్య గీజర్‌కి నిమ్మకాయలు కట్టించాడు. వినోద్ రోజూ బరువైన జేబుతో ఆఫీసుకి వెళ్లొచ్చేవాడు. తన తెలివి చెప్పుకుందామని నీలవేణికి ఫోనులో మెసేజ్ పెట్టాడు. సెల్లులు దాయడానికున్న ధైర్యం నోరు తెరవడానికి లేదా అని జవాబొచ్చింది.

ఆ ఇంట్లో మేస్టారి స్నానం ఎంతవరకూ వచ్చిందో ఎక్కాలని బట్టి తెలిసేది. రెండో ఎక్కంతో మొదటి చెంబు పోసుకుంటారు, పదో ఎక్కానికి సబ్బు, ఇరవయ్యో ఎక్కానికి తువ్వాలు. ఆయన గొంతు వింటూ పద్మకుమారి ఇడ్లీలు దించేది.

కార్తీక సోమవారం పొద్దున్న వినోద్ వరండాలో బూట్లు తుడుచుకుంటున్నాడు. సెల్లులు జేబులోనే ఉన్నాయి, మనసు కుదురుగా ఉంది. లోపల పన్నెండో ఎక్కం అయింది. పదమూడు మొదలైంది.

"పదమూడు ఆర్లు... ఎనభై నాలుగు."

వినోద్ చేతిలో బ్రష్షు ఆగింది. ప్రళయం వచ్చినా నాన్న నోట తప్పు ఎక్కం రాదు. "పదమూడు ఆర్లు..." అని మళ్లీ ముద్దగా వినిపించింది. తరవాత ఏమీ వినిపించలేదు. అప్పుడు చూశాడు, బాత్రూం తలుపు కింది నుంచి ఆవిరి వస్తోంది. టార్చిలైటు మూత ఊడి, లోపల సెల్లులు లేకుండా గుమ్మం పక్కన పడి ఉంది.

అతను భుజంతో తలుపు విరగ్గొట్టాడు. ఊపిరి బిగబట్టి, రెగ్యులేటర్ కట్టేసి, స్టూలు మీద వాలిపోయిన తండ్రిని రెండు చంకల కింద పట్టి పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు. ఆ కాసేపటికే అతని తల దిమ్మెక్కింది. ఆటోలో ఆసుపత్రికి వెళ్లేదాకా "నాన్నా, నాన్నా" అంటూనే ఉన్నాడు. చిన్నప్పుడు ఎప్పుడో వదిలేసిన పిలుపు అది.

ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి మేస్టారు కళ్లు తెరిచారు. వినోద్ వంగి, "పదమూడు ఆర్లెంత?" అని అడిగాడు.

"డెబ్బై ఎనిమిది. అది కూడా రాదేట్రా నీకు?"

పద్మకుమారి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. సాయంత్రం పలకరించడానికొచ్చిన కూర్మయ్య, కిటికీ మూయడంలో ఒక ఇటుక ఎక్కువైందని తేల్చాడు. జగన్నాధం గారు నీరసంగా, అయితే ఇంకో మంచిరోజు చూడమన్నారు.

"కాదు నాన్నగారూ."

గదిలో అందరూ వినోద్ వైపు తిరిగారు. అతను జేబులోంచి రెండు సెల్లులూ తీసి మంచం మీద పెట్టాడు. "సెప్పాల్సింది సెప్పకుండా ఇన్నాళ్లూ సెల్లులు దాసాను. తప్పు నాదే. ఆ గీజర్ ఇయాలే పీకించేస్తాను. కిటికీ నానే పగలగొడతాను. ఆ అమ్మాయి సెప్పినట్టే బయటెట్టిద్దాం. ఇంకోటండి, ఆ అమ్మాయి ఒప్పుకుంటే పెళ్లి కూడా ఆవిడినే సేసుకుంటాను."

మేస్టారు ఆ సెల్లుల్ని చేతిలోకి తీసుకున్నారు. "రెండూ ఒకేపాలి సెప్పాలేట్రా? ముందు కిటికీ కానీ," అన్నారు.

ఆ సాయంత్రమే వినోద్ సుత్తి పట్టుకుని ఇటుకలు ఊడగొట్టాడు. బాత్రూంలోకి గాలి వచ్చింది, పక్కింటి కాకరపందిరి కూడా కనిపించింది. నీలవేణి కబురందుకుని, బిగించే మనిషిని వెంటబెట్టుకొచ్చి, పెరటివైపు గోడకి చూరు కింద కొత్త గీజర్ బిగింపజేసింది. సిలిండర్ని బయటే నిలబెట్టింది. ప్రతి అతుకు మీదా సబ్బునురుగు పూసి, బుడగ లేస్తుందేమోనని ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని వినోద్ కూడా చూశాడు, కాకపోతే నురుగుని కాదు. ఆ గోడ కూడా ఆగ్నేయమే కదా అని కూర్మయ్య ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాడు.

మార్గశిరంలో పొందూరులో నీలవేణి ఇంట అసలు చూపులు జరిగాయి. వాళ్ల నాన్న నేసిన తెల్ల ఖద్దరు చీరలో ఆమె కాఫీలు తెచ్చింది. అందరూ తీసుకున్నాక ఒక గ్లాసు మిగిలింది. జగన్నాధం గారు కుర్చీలో లేరు. కోపమొచ్చి లేచి వెళ్లిపోయారేమోనని ఆడపెళ్లివారి మొహాలు పాలిపోయాయి.

ఇంతలో పెరటి తలుపు తీసుకుని ఆయనే వచ్చారు. చేతిలో సగం కాలిన అగరవత్తి ఉంది.

"పొగ ఇలా పోతన్నాది," అని చెయ్యి ఊపి చూపించి, కుర్చీలో కూర్చున్నారు. "కిటికీ పెద్దదే ఉన్నాది. మాకీ సంబంధం నచ్చిందండి."

నీలవేణి తండ్రికి ఏమీ అర్థం కాలేదు. అయినా మర్యాదగా, నీ మాటేమిటమ్మా అని కూతుర్ని అడిగాడు. ఆమె ఆఖరి గ్లాసు మేస్టారికి అందించి వినోద్‌ని చూసింది. ఈసారి అతను చూపు తిప్పుకోలేదు.

"వాళ్ల బాత్రూం నాకిప్పుడు నచ్చింది నాన్నా," అంది. "కిటికీ పగలగొట్టినాయన ఇంకా నచ్చారు."