పది అడుగుల వెనక

శనివారం. 2021 జనవరి 23. ఉదయం 7.10.

నార్కట్‌పల్లి శివారు. వ్యవసాయ బావి. మోటారు పెట్టె ముందు వీరేశం బోర్లా పడి ఉన్నాడు. మెడ మీద ఒకే ఒక్క వేటు.

మోటారు నడుస్తూనే ఉంది. నీళ్లు అతని కాళ్ల పక్క నుంచి వరి మడిలోకి పోతున్నాయి. మనిషి పోయినా మడి తడవడం ఆగలేదు.

అయిదడుగుల దూరంలో గొడ్డలి. పొడుగాటి కర్ర, చిన్న బిళ్ల. గొర్రెల కాపరులు మేతకు కొమ్మలు నరికేది.

“ఎవలది?” అడిగింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గ్రేస్.

“గుర్వయ్యది మేడం,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పరశురాములు. “కర్రకు గా రాగితీగ సూడున్రి. గట్ల సుట్టేటోడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే.”

“గుర్వయ్య ఏడి?”

“నిన్న పగటిపూట మూడింటి సంది లేడు.”

కారణం కూడా సిద్ధంగానే ఉంది. నెల కింద వీరేశం మందు కొట్టిన చేలో మేసి గుర్వయ్య గొర్రెలు పన్నెండు చచ్చాయి. హోటల్ దగ్గర నలుగురి ముందు గుర్వయ్య అన్నాడు: “నిన్ను ఇడిచిపెట్ట.”

ఆ రోజు సాయంత్రానికి పన్నెండు గొర్రెలు నలభై అయ్యాయి. ఒక్క మాట ముప్పై మాటలయింది. గుర్వయ్య నెల రోజులుగా గొడ్డలి నూరుతుంటే కళ్లారా చూసినవాళ్లు ఆరుగురు తేలారు. వాళ్లలో ఇద్దరు ఆ నెలంతా ఊళ్లోనే లేరు.

డాక్టర్ మాత్రం లెక్కగా చెప్పాడు. చావు ఉదయం అయిదుకూ ఆరున్నరకూ మధ్య.

ల్యాబ్ రిపోర్టు మంగళవారం వచ్చింది. గొడ్డలి కర్ర మీద ఒక్క వేలిముద్రా లేదు.

గ్రేస్ ఆ లైను రెండుసార్లు చదివింది. ఇరవై ఏళ్లు పట్టుకున్న కర్ర. దాని మీద సొంత మనిషి ముద్ర కూడా లేదా? ఎవరో తుడిచారు. గుర్వయ్యే తుడిస్తే, తుడిచిన గొడ్డలిని అక్కడే ఎందుకు వదులుతాడు?

వీరేశం చావుతో లాభపడే మనిషి ఇంకొకడున్నాడు. దశరథ్. ప్లాట్ల బ్రోకర్. రెండేళ్ల కింద అతని కారు హైవే మీద ఒక సైకిల్ మనిషిని గుద్ది చంపింది. బండి నడిపింది దశరథేనని చూసిన సాక్షి వీరేశం ఒక్కడే. హత్య తరవాతి సోమవారమే కోర్టులో అతను సాక్ష్యం చెప్పాల్సింది.

కానీ స్టేషన్‌కు పిలిచినప్పుడు దశరథ్ తన ఫోన్‌ను గ్రేస్ టేబుల్ మీద పెట్టాడు. ముక్కు మీద మాస్క్, దాని మీద నవ్వే కళ్లు.

“శనివారం పొద్దుగాల అయిదున్నరకు ఏడున్నరు?” అడిగింది గ్రేస్.

“ఇశాకపట్నంల మేడం.”

“ఏం పని?”

“పనేం లేదు. సముద్రం సూడబోయిన. ఆడ ఒకామె ఉంటది. ఒక్క మనిషినే ఎంబడి తీస్కపోయి పాత ఊరంతా నడిపిచ్చి సూపిస్తది. అయిదున్నరకు మొదలైతే ఎనిమిదిన్నరకు అయిపోయింది.”

“ఎట్ల పోయిన్రు?”

“శుక్రవారం నాలుగింటి బస్సు. ఆదివారం రైల్ల వాపస్.”

టికెట్ అతని పేరు మీదే. గది అతని పేరు మీదే. ఫోన్ సిగ్నల్ రాత్రంతా దారి వెంట నడిచి, తెల్లారేసరికి విశాఖ హార్బర్ టవర్ మీద నిలబడింది. ఆ నడిపించే ఆమె తీసి పంపిన ఫోటో ఒకటి. మాస్క్, మఫ్లర్, ప్యాంటు, చొక్కా. వెనక పడవలు.

అయిదు వందల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి ఇక్కడ గొడ్డలి ఎత్తలేడు. అంతే.

స్టేషన్ గేటు పక్కన గోపమ్మ కూర్చుంది. గుర్వయ్య భార్య. నాలుగు రోజులుగా అక్కడే. పొద్దున గొర్రెలను చెల్లెలికి అప్పజెప్పి వస్తుంది. చీకటి పడితే పోతుంది.

“మీ ఆయన పోయేటప్పుడు ఏమన్నడు గోపమ్మక్కా?” గ్రేస్ మెట్టు మీద పక్కనే కూర్చుని అడిగింది.

“రెండు దినాల్ల వస్త, మంద పదిలం అన్నడు. ఏడికి అంటే చెప్పలే. నవ్విండు.”

“కోపంల ఉన్నడా?”

“కోపమొస్తే అన్నం తినడు, గంతే. మేడం, ఇంట్ల యాటపోతును కోసేనాడు ఊర్ల ఉంటే ఒట్టు. గసొంటోడు మనిషిని నరుకుతడా?” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆయన బతికున్నడో లేడో, అది చెప్పు. ఇంకేం అడగ.”

శుక్రవారం పొద్దున గుర్వయ్య ఫోటో మీద ‘పరారీలో ఉన్న హంతకుడు’ అని రాసి బస్టాండులన్నిటా అంటించబోతున్నారు. ఫైల్లో ఇంకా ఒకే ఒక్క కాగితం తక్కువ. విశాఖ గైడు స్టేట్‌మెంట్.

“ఫోన్ల తీసుకుందాం మేడం,” అన్నాడు పరశురాములు.

“వద్దు. ఆమె నడిపిచ్చిన దారి నడుద్దాం.”

గురువారం. ఉదయం 5.30. విశాఖ ఫిషింగ్ హార్బర్.

నూకరత్నానికి యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు చేపలమ్మిన గొంతు. ఇప్పుడు అదే గొంతుతో ఊరిని చూపిస్తోంది. పడవలు ఒడ్డుకు తగులుతున్నాయి. ఐసు పెట్టెలు, వేలం కేకలు. ఆ గోల మీదుగా ఆమె మాట ఖంగున వినిపిస్తోంది.

“మా తాత ఒక సేపను పట్టాడమ్మా. ఒడ్డుకు లాగడానికి మూడు రోజులు. తలకాయి కూరైపోయాక గానీ తోక నీళ్లలోంచి పైకి రానేదు!”

“మా ఊర్ల ఒక పొట్టేలుంది,” పరశురాములు వెంటనే అందుకున్నాడు. “దాని ఉన్నితోని గొంగడి నేస్తే ఊరు మొత్తం కప్పుకున్నం. పోలీస్ స్టేషన్‌కే జర సాలలే.”

గ్రేస్ నవ్వలేదు. వాచీ చూసుకుంది. సాయంత్రంలోగా ఏదైనా దొరక్కపోతే రేపు పోస్టర్లు.

“ఆ శనివారం వచ్చినాయన ఎట్లుంటడు?”

“మొకం ఏటి సూత్తానమ్మా? మాస్క్, మఫ్లరు. పొడుగాటి మనిసి.”

“పేరు?”

“దశరథ్ అన్నాడు. అడిగితే గానీ నోరు ఇప్పనేదు.”

గ్రేస్ దశరథ్ ఫోటో చూపించింది. ఇంకో ఇద్దరు ముగ్గురి ఫోటోలు కలిపి చూపించింది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. మాస్కుల్లో అందరూ ఒక్కలాగే ఉన్నారు.

పాత పోస్టాఫీసు దాటారు. కూడలిలో రాణీ విగ్రహం దాటారు. సమయం 7.05. దశరథ్ చెప్పిన చోట్లన్నీ చెప్పిన వరుసలోనే ఉన్నాయి.

నూకరత్నం ఉన్నట్టుండి ఆగింది. నడుము మీద చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగింది.

“ఏటయ్యా నువ్వు కూడానా? ముందుకు రావేటి?”

పరశురాములు పది అడుగుల వెనక ఉన్నాడు. చేతికర్ర మెడ వెనక అడ్డంగా. రెండు చేతులూ దాని మీద వేలాడేసి.

“మీ నల్లగొండోళ్లందరూ ఇంతేనేటి?” అంది నూకరత్నం. “ఆ శనారం బాబు కూడా ఇంతే. మూడు గంటలూ నా ఈపు ఎనకాలే. ఆగితే ఆగేవాడు. ఎంత పిలిసినా పక్కకు రానేదు. నేను ఊరు సూపిత్తన్నానో, ఆయన నన్ను తోలుకెల్తన్నాడో తెలీనేదు!”

పరశురాములు సిగ్గుగా నవ్వాడు. “ఏమనుకోకమ్మా. మా తాతల కాన్నుంచి గొర్ల పని. ముందట నడుస్తే మంద కనపడది గద. పోలీసు డ్రెస్సేసినా కాళ్లు మారలే.”

గ్రేస్ రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది.

ఆటో ఒకటి హారన్ కొట్టి పక్క నుంచి పోయింది. ఆమె కదల్లేదు.

“పరశురాములూ. దశరథ్ ఎన్నడన్న గొర్లు కాసిండా?”

“ఆయననా? ఆయన తండ్రిది బట్టల దుకాణం. గొర్రెను ప్లేట్లనే సూసిండు.”

“నూకరత్నమ్మా. ఆ మనిషి ఒక్కసారన్న ముందటికి పోయిండా?”

“ఒక్కసారి.” ఆమె నుదురు రుద్దుకుంది. “మార్కెట్టెనక సందులో మేకల దొడ్డి ఉంది. అక్కడ నన్ను దాటేసి పరిగెత్తాడు. ఒక మేక నోరు ఇప్పి పళ్లు సూశాడు. ఇరవై నిమిషాలు కదల్నేదు. ఇంత సముద్రం ఉంటే మేకలేటి బాబూ అన్నాను.”

గ్రేస్ పరశురాములు వైపు తిరిగింది.

“ఆ రోజు ఈడ నడిచింది గుర్వయ్య. దశరథ్ పేరుతోని, దశరథ్ ఫోన్‌తోని.”

పరశురాములు చేతికర్ర కిందికి దిగింది.

“అంటే మేడం... గుర్వయ్య నరకలే!”

“ఒకటే నడక. అది ఇద్దరిని కాపాడలేదు. గుర్వయ్య ఈడుంటే దశరథ్ ఆడ, నార్కట్‌పల్లిల ఉన్నట్టు.”

“మరి గుర్వయ్య ఏడి? బతికున్నడా?”

అప్పుడే నూకరత్నం ఫోన్ మోగింది. ఆమె తెర చూసి గ్రేస్ వైపు తిప్పింది. దశరథ్.

గ్రేస్ స్పీకర్ నొక్కమని సైగ చేసింది.

“అమ్మా, నేను దశరథ్‌ను. మొన్న శనివారం వచ్చిన గద. చేతి గడియారం ఏడనో పడిపోయింది. మనం ఏడేడ ఆగినమో జర చెప్తవా? మల్లొచ్చిన, వెతుక్కుంట.”

ముగ్గురి కళ్లూ కలిశాయి. మూడు గంటలు నడిచిన మనిషి, ఎక్కడెక్కడ నడిచాడో అడుగుతున్నాడు. పోగొట్టుకున్నది గడియారం కాదు. గుర్వయ్యను.

గ్రేస్ కాగితం మీద రాసి చూపింది: సాయంత్రం 4. హార్బర్.

“నోటితో సెప్తే మీకు తెలీదు బాబూ,” అంది నూకరత్నం, గొంతు ఇసుమంత కూడా వణక్కుండా. “నాలుగింటికి హార్బరు కాడికి రండి. నేనే తిప్పుతాను.”

ఫోన్ ఆగింది. గ్రేస్ అప్పటికే అడుగు వేసింది.

“గుర్వయ్య వీడి చేతిల నుంచి తప్పించుకున్నడు. చేతిల పైసల్లేవు, ఫోన్ లేదు. ఈ ఊర్ల ఆయనకు తెలిసిన తొవ్వ ఒక్కటే. తన మనసు ఆగిన చోటు ఒక్కటే. నడువున్రి!”

మేకల దొడ్డి. 7.40. తడిక పక్కన వేపరొట్ట మోపు. దాని వెనక ఒక మనిషి మేకపిల్ల కాలికి గుడ్డ కడుతున్నాడు. ఖాకీ చూసి లేచాడు. తడిక దూకబోయాడు.

“గుర్వయ్యన్నా, ఉరుకకు!” పరశురాములు అరిచాడు. “నువ్వు చంపలేదని మాకెరికే!”

ఆ మాటకు అతని కాళ్లు ఆగాయి. తరవాత అతని భుజాలు కదలసాగాయి. మేకపిల్లను మాత్రం కింద పెట్టలేదు.

సాయంత్రం 4.00.

దశరథ్ వచ్చాడు. నూకరత్నం ముందు నడిచింది. రెండు నిమిషాల్లో అతను ఆమె పక్కకు వచ్చాడు. మూడో నిమిషంలో ఆమెను దాటాడు.

“తర్వాత ఎటు? చెప్పవేంది? జల్ది!”

“బాబూ, నా కొంగు తొక్కుతున్నావు,” అంది నూకరత్నం, ఆగి. “ఆ రోజు నాతో నడిసిన మనిసి పది అడుగుల ఎనక ఉన్నాడు. నువ్వు కాదు.”

ఎండుతున్న వలల చాటు నుంచి గ్రేస్ బయటికి వచ్చింది. వెనక పరశురాములు, ఇద్దరు విశాఖ కానిస్టేబుళ్లు.

దశరథ్ కళ్లల్లో నవ్వు ఆరిపోయింది. వెంటనే మళ్లీ వెలిగింది. “మేడం! మీరీడ?”

“శనివారం అయిదున్నరకు ఏడున్నవ్?”

“చెప్పిన గద. ఈమెతోని.”

“తనతోని నడిచినోడు నువ్వు కాదంటుంది.”

“మాస్క్ ఉండె. ఆమెకేం యాదుంటది?”

“మొకం యాదికి లేదు. నడక ఉంది. గుర్వయ్యా, రా.”

గుర్వయ్య వచ్చాడు. నూకరత్నం వీపు తిప్పి నడక మొదలుపెట్టింది. గుర్వయ్య వెనక నడిచాడు. ఆమె ఆగింది. అతనూ ఆగాడు. మధ్యలో పది అడుగులు. నూకరత్నం తల తిప్పకుండానే చెయ్యెత్తింది.

“ఇదేనమ్మా. మూడు గంటలు ఇన్నాను ఈ అడుగు సప్పుడు.”

“చెప్పు గుర్వయ్యా,” అంది గ్రేస్.

“అనుకోని పని పడ్డది, టికెట్ ఊకెనే పోతది, నువ్వు పో అన్నడు. అడిగితే నా పేరు చెప్పు, ఫోన్ జేబుల ఉంచు, ఎత్తకు అన్నడు. బస్సుకాడ గొడ్డలి జూసి, ఇది బస్సుల ఎక్కనియ్యరు, నా కార్ల పెట్టు అన్నడు.”

“అబద్ధం!”

“శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చిండు. వీరేశం సచ్చిండు, నీ గొడ్డలి దొరికింది, పోలీసులు కనపడ్డకాడ కాలుస్తరు అన్నడు. ఓ పాత పెంకుటింటికి తీస్కపోయి, ఈడ ఉండు, మల్లొస్త అని బయట తాళమేసిండు. నాకు నాలుగు గోడల నడుమ ఊపిరాడది. పెంకులు తీసి బయటపడ్డ.”

గ్రేస్ తన ఫోన్ తెర దశరథ్ ముఖానికి దగ్గరగా పెట్టింది. టోల్‌గేట్ కెమెరా ఫోటో. మధ్యాహ్నమే తెప్పించింది. శనివారం ఉదయం 6.52, విజయవాడ వైపు. దశరథ్ బావమరిది కారు. స్టీరింగ్ వెనక మాస్క్ లేని దశరథ్.

“సాక్షిని చంపినవ్. చంపినోడని చెప్పెటందుకు ఇంకొకణ్ణి దొరికిచ్చుకున్నవ్. గొడ్డలి మీద నీ ముద్ర తుడిచేటప్పుడు ఆయన ముద్ర సుత తుడిచినవ్. నీకు బదులు నడిచెటందుకు గొర్రెలకాపరిని పంపినవ్. ఎట్ల నడుస్తడో ఎన్నడన్న జూసినవా?”

బేడీలు పడిన చప్పుడు అలల్లో కలిసిపోయింది.

4.35. గ్రేస్ స్టేషన్‌కు ఫోన్ చేసి గోపమ్మను లైన్లోకి తెమ్మంది.

“గోపమ్మక్కా, మీ ఆయన బతికే ఉన్నడు. హంతకుడు కాదు. మాట్లాడు.”

గుర్వయ్య ఫోన్ అందుకున్నాడు. హత్య కేసుకన్నా దానికే ఎక్కువ భయపడ్డాడు.

“ఏడున్నవ్?” అవతల గొంతు.

“ఇశాకపట్నంల.”

“ఏం జేస్తున్నవ్?”

అతను ఎదురుగా చూశాడు. కనుచూపు పోయినంత దూరం నీళ్లు.

“సముద్రం... సూస్తున్న.”

గోపమ్మ ఫోన్ చెవి మార్చుకున్న చప్పుడు.

“నన్నిడిచిపెట్టి?”

గుర్వయ్య సముద్రానికి వీపు తిప్పాడు.

“మేడంకియ్యి ఫోను.”

గ్రేస్ తీసుకుంది. “చెప్పక్కా.”

“మేడం, ఆ మనిషిని జర ఆడనే ఉంచున్రి. ఏ బస్సూ ఎక్కనియ్యకున్రి.”

“ఎందుకక్కా? రేపు మేమే తోల్కొస్తం.”

“వద్దు.” ఆ గొంతులో ఏడుపూ కోపమూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “అయిదు దినాలాయె గేటుకాడ కూసోవట్టి. నేనే వస్తున్న.”