ముప్పై నాలుగు మార్కులు

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దుమ్ము వాలని వస్తువంటూ ఉండదు. అందుకే పున్నారావు పొద్దున్నే లేచి, తన మొహం కడుక్కోకముందే టేపురికార్డరు మొహం కడుగుతాడు. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పసిబిడ్డ చెవి తుడిచినంత జాగ్రత్తగా లోపల తుడుస్తాడు. ఆ మిషనుకున్న భాగ్యం తనకు లేదని భార్య కోటమ్మ రోజూ అంటూనే ఉంటుంది. అది ఆయన చెవిన పడ్డట్టు మాత్రం ఇంతవరకూ కనపడలేదు.

హైవే పక్కన ఇరవై రెండేళ్లు కాసెట్ల కొట్టు నడిపిన మనిషాయన. కొట్టు పోయింది గానీ పద్ధతి పోలేదు. చేతికొచ్చిన ప్రతి కాసెట్టూ విని, నోటుపుస్తకంలో నూటికి మార్కులు వేస్తాడు. గొంతుకు ఇరవై అయిదు, మాటకు ఇరవై అయిదు, వాయిద్యానికి ఇరవై అయిదు, మిగిలిన ఇరవై అయిదూ శబ్దశుద్ధికి. హరికథైనా, ఖవ్వాలీ అయినా, క్రీస్తు పాటలైనా, బొంబాయి డిస్కో అయినా తక్కెడ ఒకటే. ముప్పై అయిదు రాకపోతే ఎర్ర సిరాతో 'ఫెయిలు' అని రాసి కింద గీత గీస్తాడు. ఆ రోజుల్లో లారీ డ్రైవర్లు కొట్టు ముందు బండాపి, "అరవై దాటిందే ఇయ్యి బాబాయ్, నిద్రొస్తంది" అని అడిగేవాళ్లు. తొంభై దాటిన కాసెట్టు ఇంకా భూమ్మీద పుట్టలేదని ఆయన గట్టి నమ్మకం.

మనవరాలు లిఖిత నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. సెలవులకొచ్చి, అటక మీద ఈ పుస్తకాలు చూసి, "తాతయ్య మార్కులు" అని ఫోనులో వీడియోలు మొదలుపెట్టింది. పదిహేను రోజుల్లో ఇరవై వేలమంది చేరారు. పున్నారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ శుక్రవారం పొద్దున లైవు పెట్టారు. లిఖిత పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి, ముందు తనూ చూసుకోకుండా గట్టిగా చదివేసింది.

"నంబరు ఆరొందల పన్నెండు. మంగళహారతులు. పాడినది కోటమ్మ. గొంతు పంతొమ్మిది, మాట పదిహేను, వాయిద్యం సున్నా, శబ్దశుద్ధి సున్నా. మొత్తం ముప్పై నాలుగు. ఫెయిలు. రిమార్కు: మధ్యలో ఎవడో మగమనిషి గోల. వాడికి బుద్ధి లేదు."

వంటింట్లో తాలింపు చిటపటలు ఆగిపోయాయి. లిఖిత ఫోను తిప్పి ఆపేలోపే కోటమ్మ గరిటెతో సహా గుమ్మంలో నిలబడింది.

"ముప్పై నాలుగా?" అంది.

"ముప్పై రెండేళ్ల కిందటి మాటే అది" అన్నాడు పున్నారావు.

"ఈపూరు బ్యాండుమేళానికి ఎంతేశారు?"

పున్నారావు బెదిరింది బ్యాండుమేళం గుర్తొచ్చి కాదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ "ఏమయ్యా, నువ్వు" అని తప్ప పిలవని మనిషి ఇవాళ "వేశారు" అంటోంది. అబద్ధం చెప్పలేని తన జబ్బును తిట్టుకుంటూ అరవై రెండని చెప్పాడు.

"ఆ సన్నాయి ఊదేవాడికి పళ్లు కూడా లేవు. వాడికి అరవై రెండు. నాకు ముప్పై నాలుగు. పాసు చెయ్యటానికి ఒక్క మార్కు కలపాలంటే మీకు చేతులు రాలేదు."

"అయినోళ్లకు కలిపితే అవి దొంగమార్కులు గదే" అన్నాడాయన. ఆ ఇంట్లో ఆ పొద్దున అనకూడని మాట ఏదైనా ఉందంటే అదే.

కోటమ్మ గరిటె కింద పెట్టింది. లోపలికెళ్లి, మూడో ఇంటి లహరికి ఫోను చేసింది. మర్నాడు లహరి కొడుక్కి బారసాల. ఆ వీధిలో ఏ బిడ్డను ఉయ్యాల్లో వేసినా కోటమ్మ లాలిపాట పాడకుండా ఊపరు. అలాంటిది, ఫెయిలైనవాళ్ల చేత పాడిస్తే బిడ్డకు మంచిది కాదని, ఎవరైనా పాసైనవాళ్లను చూసుకోమని చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత అటక మీదినుంచి ఆరొందల పన్నెండు తీసుకొచ్చి పున్నారావు ముందు పెట్టింది.

"దీని మీద బ్యాండుమేళం ఎక్కించుకోండి. నేనింక పాడను."

అన్నంత పనీ చేసే మనిషని ఆయనకు తెలుసు.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఇరవై వేలమందిలో ఒక్కరూ పున్నారావు పక్షాన లేరు. హైదరాబాదు నుంచి కొడుకు ఫోను చేసి అమ్మతోనే మాట్లాడి పెట్టేశాడు. పాత స్నేహితుడు ఖలందర్ టీకొట్టు దగ్గర ఎదురుపడి, ఖవ్వాలీలకు డెబ్భై వేసిన చెయ్యి పెళ్లాం దగ్గర ఎందుకు ముడుచుకుందని అందరిముందూ నిలదీశాడు. ఇంటికొస్తే కంచంలో అన్నీ ఉన్నాయి, వడ్డించే మనిషే లేదు. దేనితోనైనా సరిపెట్టుకోగలడు గానీ, కూనిరాగం కూడా వినిపించని వంటిల్లు పున్నారావుకు కొత్త.

"తాతయ్యా, మా కాలేజీలో ఫెయిలైతే రీవాల్యుయేషన్ ఉంటుంది. మళ్లీ విను" అంది లిఖిత.

టేపు సగంలో ఆగి ఉంది. పెన్సిలు దూర్చి మొదటికి తిప్పాడు. మీట నొక్కాడు. కాసేపు గరగర. తర్వాత, ఇంట్లో తనే మీట నొక్కుకుని పాడిన ఇరవై ఎనిమిదేళ్ల కోటమ్మ గొంతెత్తింది. తీపి తక్కువ, నిబ్బరం ఎక్కువ. గొంతుకు పంతొమ్మిది తక్కువేమీ కాదనుకున్నాడు పున్నారావు. అంతలో ఎవరో ఖళ్లున దగ్గారు.

"అదుగో, వాడే" అన్నాడు కోపంగా.

పాట సాగుతూనే ఉంది. రెండో చరణంలో ఆ మగమనిషి అరిచాడు. "కోటా, నా బీడీకట్ట యాడబెట్టా?"

లిఖిత టేపు ఆపింది. తాతయ్య మొహంలోకి చూసింది. టేపులో తన గొంతు విన్నవాడెవడూ అది తనదని ఒప్పుకోడు. అప్పుడు పున్నారావు కొట్లో, లారీల మోత మధ్య, తప్పులు ఏరడానికే చెవులు రిక్కించుకుని విన్నాడు. ఆ కేక పెట్టింది ఎవరో ఆలోచించనే లేదు. ఇప్పుడు మనవరాలు టేపు మళ్లీ పెట్టి, పక్కన కూర్చుని ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెడుతోంది. దగ్గులు మూడు. తలుపు ధడేలుమనడం ఒకటి. తుమ్ము ఒకటి. "ఇంకెంతసేపే, ఆకలేత్తంది" ఒకటి. బీడీకట్టతో ఏడు. ఏడింట్లోనూ కోటమ్మ తాళం తప్పలేదు, మాట మింగలేదు.

చివరి హారతి అయిపోయింది. ఆయన అప్పట్లో ఎప్పుడూ అంతదాకా వినలేదు. గరగరలోంచి కోటమ్మ చిన్నగా అంటోంది. "అయిపోయిందయ్యా. కొట్లో పెట్టుకుని ఇను. బాగుంటే బాగుందని చెప్పు, చాలు."

పున్నారావు చాలాసేపు టేపు ఆపలేదు. పుస్తకం చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

"ఆ మగమనిషి నేనేనే" అన్నాడు. "నా గోలకు నీ మార్కులు కోశా. బుద్ధి లేదని రాసుకుంది కూడా నన్నే. చానా తప్పు జరిగింది కోటా."

కోటమ్మ చింతపండు పిసుకుతూనే ఉంది. "తెలుసు" అంది. "పాడేటప్పుడు నాకు ఇనపళ్లేదా? మార్కులు పోతాయని మటుకు అనుకోలా." చెయ్యి ఆపి అడిగింది. "ఇప్పుడెంతయింది?"

ఆయన పుస్తకం తీసి, శబ్దశుద్ధి గడిలో ఇరవై అయిదు వేసి, కూడాడు.

"యాభై తొమ్మిది."

"ఇంకా బ్యాండుమేళం కన్నా మూడు తక్కువే గదా."

"వాయిద్యం లేదు గదే" అన్నాడు దీనంగా. అంత తిట్టించుకున్నాక కూడా అబద్ధం రాలేదాయనకు. అందుకే కోటమ్మకు నవ్వొచ్చింది. చింతపండు చేతిని మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"రేపు బారసాలకు నువ్వూ రా. అరుగు మీద కూర్చో. అయిపోయేదాకా నోరు మెదపబాకు" అంది.

మర్నాడు లహరి ఇంటి అరుగు మీద, ఆడవాళ్ల చెప్పుల మధ్య కూర్చున్నాడు పున్నారావు. లోపల కోటమ్మ లాలిపాట ఎత్తుకుంది. ఆడవాళ్ల పేరంటాల్లోకి మగవాళ్లు వెళ్లరు కాబట్టి ఇన్నేళ్లుగా ఆ వీధి విన్న లాలిపాట ఆయన ఒక్కసారీ వినలేదు. రెండో చరణానికి బట్టీల దుమ్ము గొంతులో పడి దగ్గు తన్నుకొచ్చింది. కండువా నోట్లో కుక్కుకున్నాడు. మొహం ఎర్రబడింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. వాటిలో దగ్గు వాటా ఎంతో, పాట వాటా ఎంతో ఆయనకే తెలియలేదు. బిడ్డ నిద్రపోయాడు.

కోటమ్మ బయటికి రాగానే పున్నారావు సంచిలోంచి పుస్తకం తీయబోయాడు.

"మూసెయ్" అందామె, చెప్పులేసుకుంటూ. "ఇయ్యాళ మార్కులు నేనేత్తా. శబ్దశుద్ధి ఇరవై నాలుగు."

"ఒక్కటి ఎందుకు కోశావే? కిక్కురుమన్లేదు గదా."

"ఆఖర్న ముక్కు చీదావయ్యా, ఇనపడింది" అంది కోటమ్మ. తన చెంగుతో ఆయన కళ్లు తుడిచింది.