బొటనవేలి పాట

రెండు వేల మూడు, ఆగస్టు. డుంబ్రిగుడ దాటాక కొండ మీద చర్చి. అరకు వైపు ఆగస్టులో మబ్బు ఆకాశంలో ఉండదండీ. తిన్నగా గుమ్మంలోంచి లోపలికొచ్చి చుట్టంలా కూర్చుంటుంది. ఆ తేమకి పియానో పాడైపోతుందని దాని పెట్టె లోపల చిన్న బల్బొకటి ఎప్పుడూ వెలిగించి ఉంచేవారు, కోడిపిల్లలకి పెట్టినట్టు.

పక్కగదిలో కంప్యూటరు. దాని ముందు కనక. ఆ చర్చిలో పియానో వాయించేదీ, పిల్లలకి నేర్పేదీ ఆవిడే. వెనక బల్ల మీద వాళ్ళమ్మ సోములమ్మ, వెలిగించని చుట్టని వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చుంది. చర్చి కదా, వెలిగించకూడదు.

"ఏటే గుంటా, ఇంకా అవలేదా? ఈపాటికి చోడి చేను కలుపు తీసీదాన్ని."

"నువ్వు చేలో పాడేసి చేతులు దులుపుకున్నావు. రాయడం నా నెత్తిన పడింది. కూకో అమ్మా."

రాస్తున్నది సోములమ్మ పాటే మరి. వయసులో ఉండగా చోడి చేలో, అంటే రాగి చేలో, ఇప్పుడు ఒక్కరూ మిగలని తోటివాళ్ళతో వరసలో నిలబడి పాడిన పాట. దానికి ఏసుదానం మాస్టారు దేవుడి మాటలు కట్టి చర్చిలోకి తెచ్చారు. ఆయన మైదానం నుంచి వచ్చిన పాటల మాస్టారు. తెచ్చి ఊరుకుంటే బాగుండేది. పైన తన సన్న గొంతుతో ఇంకో వరస అల్లి, గోడలు దద్దరిల్లేలా పాడేవాడు. సోములమ్మని "నీది మగ గొంతు, అణిచి పాడు" అనేవాడు. పాడగా పాడగా జనం ఆ పై వరసే పాటనుకున్నారు.

మాస్టారు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు పియానో స్వరాలతో కొత్త పాటల పుస్తకం అచ్చవుతోంది. రేపు పొద్దున్నే పాస్టరుగారు ఫ్లాపీ పట్టుకుని విశాఖ వెళతారు. అందులో ఏ వరస పైకి తేలితే ఇక అదే పాట. రెండోది మట్టిలో కలిసినట్టే.

పైకి తేల్చడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కుడిచేతి చిటికెన వేలిది మాస్టారి వరస, బొటనవేలిది సోములమ్మ వరస. ఏది పాటో దాని స్వరాల మీద చిన్న అడ్డగీత పెడితే, వాటిని కాస్త ఒత్తి వాయించాలని గుర్తు. సాఫ్ట్‌వేరులో స్వరం మీద క్లిక్ చేస్తే గీత పడుతుంది. వినిపించమంటే గీత ఉన్నవే గట్టిగా పలుకుతాయి.

కనక బొటనవేలి స్వరాలన్నిటికీ గీతలు పెట్టి, వినిపించమని నొక్కింది.

పై వరస ఖంగున మోగింది.

చూస్తే గీతలన్నీ చిటికెన వేలి స్వరాల మీదున్నాయి. కళ్ళు అలిసిపోయాయనుకుని, చెరిపి మళ్ళీ పెట్టింది. ఈసారి రెప్ప వెయ్యకుండా చూసింది. గీత చీమలా కదిలింది... స్వరం అంచు పట్టుకుని పైకి పాకింది... పై స్వరం మీదికెక్కి పడుకుంది.

గదంతా లవంగం వాసన.

సోములమ్మ చుట్ట తిప్పడం ఆపింది. "ఆడే," అంది నెమ్మదిగా. "గొంతు కోసరం లవంగాలు నమిలీవోడు."

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. మధ్యాహ్నమే గానీ, మబ్బు కిటికీకి గోనెపట్టా కట్టినట్టుంది. కనక గుమ్మంలోంచి అవతలున్న పియానో వైపు చూసింది.

కరెంటు లేదు. పియానో లోపల బల్బు మాత్రం వెలుగుతోంది.

చెక్కల సందుల్లోంచి సన్నని వెలుగు. దానికి అడ్డంగా ఏదో అటూ ఇటూ తిరుగుతోంది. పియానో మెట్లలో కుడి చివరిది దానంతటదే దిగింది. టింగ్... మళ్ళీ... టింగ్.

చెవి పక్కన పొడి ఊపిరి.

"పైది... పైది ఒత్తు..."

కనక మెడ తిప్పలేదు. మౌస్ మీద చిటికెన వేలు తనది కానట్టు వంగింది. ఎవరో చల్లటి పిడికిట్లో బిగించి కిందికి నొక్కుతున్నారు. పియానో నేర్పిన ఆ చెయ్యి ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలుసు. బొటనవేలు కాస్త గట్టిగా పలికితే చాలు, "నువ్వు నోరు మూసుకోవాలి" అని ఆ వేలి మీదే రూళ్ళకర్రతో కొట్టేది.

నొప్పి మోచేతి దాకా పాకింది. పారిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది.

కనక ఎడం చేత్తో మౌస్ లాక్కుంది.

"మాస్టారూ." గొంతు వణికింది. వణకనిచ్చింది. "మీ వరస చెరపనండీ. చిన్నది చేస్తాను."

అదీ వీలే అందులో. స్వరం సైజు తగ్గిస్తే నువ్వుగింజంత అవుతుంది. ఇది పక్కవాటంగా, మెల్లగా తగలాలి అని అర్థం. ఒక్కోటీ పట్టుకుంది. ఒక్కోటీ తగ్గించింది. వేలు విరిగిపోతోంది. గీతలు వాటినే పట్టుకుని వేలాడాయి... నిలవడానికి చోటు చాలక జారిపోయాయి. అవతల మెట్టు టకటకా కొట్టుకుంటోంది.

సోములమ్మ లేచి నిలబడింది.

"బతికున్నప్పుడు ఊరుకున్నానని, సచ్చినాక కూడా ఊరుకుంటాననుకున్నావేటి?"

చర్చిలోనే చుట్ట వెలిగించింది. ఒక దమ్ము లాగి పాట ఎత్తుకుంది. దేవుడి మాటలు కాదు, చేలో మాటలు. ఆ మగ గొంతుకి కిటికీ అద్దాలు అదిరాయి. కనక ఆ గొంతు వెంబడే బొటనవేలి స్వరాలకి గీతలు పెట్టుకుంటూ పోయింది. పెట్టినవి పెట్టినచోటే ఉన్నాయి.

ఆఖరి గీత. సేవ్.

వేలు వదిలింది. పియానోలో బల్బు ఆరింది. ఆ తర్వాత కరెంటొచ్చింది.

"పోయాడంటావా?"

"మెల్లిగా పాడతానంటే ఉండమను. నాకేటి," అంది సోములమ్మ కూర్చుంటూ.

కనక నవ్వింది. ఫ్లాపీలోకి ఎక్కించే ముందు ఒకసారి చూద్దామని పేజీ పైకి జరిపింది. నవ్వు ఆగిపోయింది.

ఎడంచేతి స్వరాల కింద ఇంకో వరస ఉంది. తను రాయలేదు. పియానోకి ఎడమ చివరనున్న మెట్టుకన్నా దిగువ స్వరాలు... ఒక్కోదాని మీదా అడ్డగీత.

నొక్కింది. ఆ వరస స్పీకర్లలో పలకలేదు. కాళ్ళ కింద గచ్చు మాత్రం సన్నగా అదిరింది. బురదలో అడుగులు పడుతున్నట్టు... చాలామందివి... ఒక్క తాళంలో.

"అమ్మా... ఇది ఆయనదేనా?"

"ఆడిది కాదు." సోములమ్మ గుమ్మంలోని మబ్బుకేసి చూస్తోంది. "చెరపకు. ఎక్కించేయ్."

కనక ఎక్కించేసింది.

సోములమ్మ బల్ల మీద కాస్త పక్కకి జరిగింది, చేలో వరసలోకి ఇంకో మనిషొస్తే జరిగినట్టు. ఖాళీ అయిన చోట బల్ల కిర్రుమని కిందికి వంగింది.

సోములమ్మ ఇంకాస్త జరిగింది.