గాలి ఆగిందా?

బెంగళూరు శివార్లలోని జిగణిలో, ఫ్యాక్టరీల వెనక, తాళం వేసిన రేకుల షెడ్డు ఒకటుంది. దాని పక్క సందులో రాత్రిపూట తెలిసినవాళ్లెవరూ నడవరు. మామూలు రోజుల్లో ఏమీ ఉండదు. బంగాళాఖాతంలో తుఫాను లేస్తే బెంగళూరుకి సన్నజల్లు పట్టుకుంటుంది చూడండి — ఆ జల్లు ఠక్కున ఆగినప్పుడే... లోపల్నించి ఒక ఆడగొంతు అడిగేదట.

"గాలి ఆగిందా నాయనా?"

ఆ షెడ్డులో ఒకప్పుడు కృపమ్మ అని ఒకామె ఉండేది. మొగుణ్ని తుఫానులో పోగొట్టుకుని, కోస్తా నుంచి గార్మెంట్స్ పనికొచ్చింది. ఇలాంటి జల్లులోనే జ్వరంతో పోయింది.

సందు మొదట్లో టీ కొట్టు రత్నమ్మ కొత్తోళ్లందరికీ చెప్పేది. కోస్తా నుంచే ఫ్యాక్టరీ పనికొచ్చిన ప్రేమ్ కుమార్‌కీ చెప్పింది.

"అడిగితే పలకద్దప్పా. మీ సముద్రమోళ్లతో బాటు దెయ్యాలూ బస్సెక్కి వచ్చేసినట్టుండాది."

ప్రేమ్ నవ్వాడు. "టికెట్ తీసుకుందో లేదో అడుగుతాలే అక్కా."

ఆ రాత్రి మాత్రం వాడికి నవ్వు లేదు. తుఫాను సరిగ్గా వాళ్ల ఊరి దగ్గరే తీరం దాటుతోంది. అమ్మానాన్న ఎప్పుడో పోయారు. మిగిలింది తమ్ముడు హేమంత్‌కుమార్ ఒక్కడే — ఊరి స్కూల్లో పెట్టిన తుఫాను షెల్టర్‌లో ఉన్నాడు. షిఫ్టంతా ఫోన్ కలవలేదు. బయటికొచ్చి జల్లులో నడుస్తుంటే... మోగింది.

"అన్నా, గాలి ఆగిపోయింది! ఆకు కూడా కదలట్లేదు. చుక్కలు కనిపిస్తున్నాయి!"

ప్రేమ్‌కి ప్రాణం లేచొచ్చింది. "దేవుడికి స్తోత్రం రా..."

"ఇంటి దగ్గర మేకల్ని కట్టేసి వచ్చానన్నా. పాపం అరుస్తుంటాయి. వెళ్లి తోలుకురానా?"

అడిగాడు. అన్నని అడక్కుండా ఏదీ చెయ్యడు వాడు.

"సరే, గబగబా వెళ్లిరా."

ఫోన్ జేబులో పెట్టాడు. ఇక్కడా జల్లు ఆగింది. ఆ సంబరంలో చూసుకోకుండా సందులోకి తిరిగేశాడు...

"గాలి ఆగిందా నాయనా?"

మెల్లగా... తడిసిన గొంతు. భయపడాల్సిందే. కానీ తమ్ముడి మాట ఇంకా చెవిలోనే ఉంది. నోరు జారింది —

"ఆగిందమ్మా."

లోపల ఏడుపు. గట్టిగా కాదు... నోట్లో కొంగు కుక్కుకున్నట్టు.

"మా ఆయనా అదే అన్నాడు నాయనా... చుక్కలు కనిపిస్తున్నాయే అన్నాడు. అది ఆగడం కాదు... తుఫాను కన్ను. కన్ను దాటాక అటువైపు నుంచి మళ్లీ కొడతది... పంపొద్దు... ఎవర్నీ బయటికి పంపొద్దు..."

ప్రేమ్ గబుక్కున ఫోన్ తీశాడు. రింగ్... రింగ్... ఎత్తలేదు. మళ్లీ చేశాడు. రింగవుతూ రింగవుతూ — తెగిపోయింది.

ఇక కలవలేదు.

నీళ్లు తీశాక హేమంత్ దొరికాడు. కూలిన కొబ్బరిచెట్టు కింద. మేక తాడు చేతికి చుట్టుకునే ఉందట.

తర్వాత రత్నమ్మ ఓనర్ని పోరి ఆ షెడ్డు తెరిపించింది. నేలంతా దుమ్ము. ఒక్క అడుగు గుర్తు లేదు. కృపమ్మ గొంతు మళ్లీ ఎవరికీ వినపడలేదు.

కానీ ఇప్పటికీ... తుఫాను జల్లు ఆగినప్పుడు ఆ సందులో ఇంకో గొంతు వినిపిస్తుంది. మగగొంతు.

"ఆగలేదు... ఆగలేదు... బయటికి రావద్దు..."

కొత్తగా వచ్చినోళ్లు దాన్నీ దెయ్యమే అంటారు. వెనక్కి తిరిగి పరిగెడతారు. రత్నమ్మ మాత్రం టీ గ్లాసు పట్టుకుని, నెత్తిన కొంగేసుకుని, ఆ చీకట్లోకే పోతుంది.

"రా అప్పా ప్రేమూ... ఎంత తడిసిపోయుండావో చూడు. తాగు."