దేవకమ్మ చేతులు

ఆ పొద్దు కూడా దేవకమ్మ కూతురితో మాట్లాడలేదు. రాగిసంగటి పళ్ళెంలో పెట్టి గడప పక్కన ఉంచి, గోడకేసి చూస్తూ "తినేవాళ్ళు తినొచ్చు" అంది. వసంతమ్మ తలొంచుకుని పళ్ళెం దగ్గరకు లాక్కుంది.

చిత్తూరులో టీచరు ట్రైనింగు చదువుతున్న వసంతమ్మ క్రిస్మసు సెలవులకు శ్రీకాళహస్తి వచ్చి నాలుగు రోజులైంది. ఏడాదిగా ఏ సెలవుకు వచ్చినా ఇదే వరస. కారణం తనకు తెలుసుననుకుంది. పుత్తూరులో ఉన్న మేనమామ కుప్పుస్వామిని చేసుకోనని మొండికేసి ఆమె చదువుకు పోయింది. ఆ కోపంతో కుప్పుస్వామి అక్క గడప తొక్కడం మానేశాడు. తనకు పుట్టింటి దారి మూసేసిన కూతురి మీద అమ్మకు కోపం ఉండదా అని ఆమె సరిపెట్టుకునేది. తండ్రి మునిరామయ్య గుడ్డల మీద కలంకారీ బొమ్మలు రాసే పనివాడు. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు మోసీ మోసీ ఆయన అలసిపోయాడు.

సెలవులిచ్చే ముందు ట్రైనింగు స్కూల్లో దొరసాని టీచరు ఆడపిల్లలకు శుభాకాంక్షల కార్డులు చేయడం నేర్పింది. ఎవరి తల్లికి వాళ్ళు ఒకటి చేసివ్వమంది. మాటలతో కానిది బొమ్మతోనైనా అవుతుందేమోనని వసంతమ్మ ఆశపడింది.

గట్టి అట్టను మధ్యకు మడిచి, మడత మీద గోరుతో గీరి నున్నగా చేసింది. కరక్కాయ రసంలో తడిపి ఆరేసిన గుడ్డ ముక్క జానెడు తండ్రిని అడిగి తీసుకుంది. వెదురు కలాన్ని నల్లరంగులో ముంచి, దానికి చుట్టిన నూలును వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీత దించింది. స్వర్ణముఖిలో మోకాలి లోతున నిలబడి గుడ్డ జాడిస్తున్న ఆడమనిషి. చుట్టూ సన్నని తీగ, తీగ మీద చిలుకలు. కొంగుకు ఎరుపు, నీళ్ళకు నీలం, ముఖానికీ చేతులకూ లేతపసుపు. మూడు రోజులు పట్టింది. మైదా జిగురుతో అట్టకు అతికించి, లోపల "మా అమ్మకు, వసంత" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. మునిరామయ్య చాలాసేపు చూశాడు. గీత తనకన్నా నిదానంగా ఉందని మాత్రం అన్నాడు.

సంగటి తిన్నాక, ఏటికి పోవడానికి గుడ్డలు మూట కడుతున్న తల్లి ముందు వసంతమ్మ ఆ కార్డు పెట్టింది. దేవకమ్మ చేయి కొంగుకు తుడుచుకుని మరీ తీసుకుంది. అది చూసి వసంతమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎవురు?" ఏడాదిలో నేరుగా అడిగిన మొదటి మాట అది.

"నువ్వేమ్మా."

దేవకమ్మ తన కుడిచేతిని బొమ్మ పక్కన ఆనించింది. కరక్కాయ రసంలో, ఇనుప తుక్కు నానేసి చేసే నల్లరంగులో ఇరవై ఏళ్ళు నానిన చేయి. మోచేతి దాకా నలుపు, గోళ్ళు మరీ నలుపు.

"నా చేతులు ఇట్లుండాయా? బాగా కడిగేసినావే. ఇప్పుడైతే మీ హాస్టలోళ్ళకు సూపించుకోవచ్చులే."

మూడు రోజుల కష్టం అలా తీసిపారేసేసరికి వసంతమ్మకూ కోపం వచ్చింది. మామను చేసుకోలేదని ఇంకా ఎన్నాళ్ళు సాధిస్తావని గట్టిగానే అడిగింది.

"మామనా? వానికి పెండ్లయి కొడుకు పుట్టినాడు. పోయిన నెల నేనే పోయి సూసొచ్చినా. నా కోపం దేనికో నీ అంతట నువ్వే తెలుసుకోవాలని, నీకు సెప్పద్దని మీ నాయనకు సెప్పింది నేనే." దేవకమ్మ గొంతు పెరగలేదు. "పోయినేడు కార్తీకంలో మురుకులు సేసుకోని నీకాడికి వచ్చినా గదా. గేటు కాడ నీ జత పిల్లోళ్ళు ఆమె ఎవురని అడిగితే ఏం సెప్పినావు?"

ఆ పూట తల్లి మురుకుల మూట చాపింది. ఇస్త్రీ చీరల్లో ఉన్న పిల్లలందరి చూపూ ఆ చేతుల మీదే పడింది. అంతా వసంతమ్మ కళ్ళకు కట్టింది.

"'మా ఊరామె, మా అమ్మ పంపించింది' అంటివి. నాకు ఇనపల్లేదనుకుంటివి. నువ్వు లోపలికి పోయినాక వాళ్ళు నన్నడిగితే, నీ మాట తీసెయ్యకుండా నేనూ అవునంటి. కాళాస్త్రి దాకా రైల్లో చేతులు కొంగులో దాపెట్టుకోని వచ్చినా."

మునిరామయ్యకు ఈ సంగతి తెలియదు. ఆయన కలం కింద పెట్టి కూతురి వైపు చూశాడు. ఆ చూపును వసంతమ్మ తట్టుకోలేకపోయింది. దేవకమ్మ కార్డును అరుగు మీద బోర్లించి, మూట చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

అంత పాత మాట మనసులో పెట్టుకోవాలా అని వసంతమ్మకు మొదట ఉక్రోషమే వచ్చింది. తర్వాత, ఆ రోజు మురుకులు పిల్లలందరికీ పంచి, బాగున్నాయని వాళ్ళంటే తానూ నవ్వుతూ తిన్న సంగతి గుర్తొచ్చింది. ఇంక కూర్చోలేక తల్లి వెనకాలే ఏటికి బయలుదేరింది.

ఏటిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు గుడ్డలు జాడిస్తున్నారు. నగరి నుంచి కొత్తగా కాపురానికొచ్చిన నాగులమ్మ, నీళ్ళలోకి దిగుతున్న పిల్లను చూసి, ఎవరక్కా ఈ పాప అని దేవకమ్మను అడిగింది. దేవకమ్మ వినపడనట్టు గుడ్డ జాడిస్తూనే ఉంది.

"నేను ఈమె కూతుర్ని," అంది వసంతమ్మ. "చిత్తూరులో మా అమ్మ నా కోసం వస్తే, ఎవురో ఊరామె అని సెప్పినాను. ఆ చేతులు సూసి సిగ్గుపడినాను. అందుకే మా అమ్మ నాతో మాట్లాడదు."

ఆడవాళ్ళంతా పని ఆపేశారు. దేవకమ్మ గబగబా కూతురి దగ్గరకు వచ్చి, వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"నోరు మూసుకో. నలుగురిలో ఎవురైనా సెప్పుకుంటారా అట్లా? రేపు ఈళ్ళు నిన్నేమనుకుంటారు?"

"అనుకోనీమ్మా," అని వసంతమ్మ ఏడ్చేసింది.

దేవకమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. తొమ్మిది గజాల గుడ్డ ప్రవాహంలో కొట్టుకుపోతుంటే ఒక కొస లాగి కూతురి చేతిలో పెట్టింది.

"పట్టుకో. ఒక్కదాన్నే పిండలేకుండా ఉండా."

వసంతమ్మ పట్టుకుంది. తల్లి ఒకవైపు, కూతురు ఒకవైపు మెలిపెట్టారు. నీళ్ళు ధారగా కారాయి.

"అట్లా గాదు," అంది దేవకమ్మ. "ఇంకా దగ్గరికి రా."