రెండు బ్లాకుల మధ్య

బెంచీ మీద గుడ్డసంచి. సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో నాలుగు ఇడ్లీలు, పక్కన చట్నీ.

ఎవరూ ముట్టుకోలేదు.

"ఇన్సులిన్ ఎన్నింటికి వేసుకున్నారండీ?" ఇన్‌స్పెక్టర్ పెర్సిస్ అడిగింది.

"ఏడూ ముప్పావుకి," అంది సుభద్ర. "ఎనిమిదిన్నరకల్లా తినేస్తారు. పదిహేనేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదమ్మా."

పెర్సిస్ వాచీ చూసుకుంది. 10:07.

ఆమె తల్లి నర్సు. సూది వేసుకుని తినకపోతే మనిషి ఏమవుతాడో చిన్నప్పట్నుంచీ తెలుసు. ముందు చెమటలు. తర్వాత మాట తడబడుతుంది. ఆ తర్వాత స్పృహ పోతుంది. ఇంకా ఆలస్యమైతే మనిషే దక్కకపోవచ్చు.

కనిపించకుండా పోయింది సుభద్ర భర్త రామమోహనరావు. వయసు డెబ్బై ఒకటి. రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీరు. నవంబరు వచ్చిందంటే ఢిల్లీలో బయట నడవడమూ పొగ తాగడమూ ఒకటే. అందుకే సాకేత్ చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఎనిమిదింటికే శీష్‌బాగ్ మాల్‌లోకి వచ్చి, మూసిన దుకాణాల ముందు నడుస్తారు. రావుగారికైతే అది సొంత ఇంటితో సమానం. దగ్గరుండి కట్టించింది ఆయనే.

ఇవాళ మాల్‌కి ఇరవయ్యేళ్ళు. పదకొండింటికి పైకప్పు మీద కొత్త ఫుడ్ కోర్టు ప్రారంభం. పైగా ఆదివారం. గేటు బయట అప్పుడే వేలల్లో జనం.

"కెమెరాలో ఏముంది?" హిందీలో అడిగింది.

సెక్యూరిటీ చీఫ్ నవదీప్ ట్యాబ్ చూపించాడు. 8:21. రెండో అంతస్తు. వార్షికోత్సవానికి వరసగా నిలబెట్టిన ఫొటో బోర్డుల వెనక్కి రావుగారు వెళ్ళారు. తిరిగి రాలేదు.

"వెనక ఏముంది?"

"సిర్ఫ్ దీవార్, మేడమ్. ఉత్త గోడ. అటు చివర్నుంచి బి బ్లాకులోకి వెళ్ళుంటారు. అక్కడ కెమెరా ఇంకా బిగించలేదు. ముప్పైమంది వెతుకుతున్నారు."

పెర్సిస్ డబ్బా పక్కన పెట్టి రావుగారి సంచి బోర్లించింది. మంకీ క్యాప్. జిగురు ట్యూబు. ఒక చిన్న అట్టపెట్టె. పెట్టెలో నాలుగు గాజు స్లైడ్లు, ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టేవి.

"ఇవేంటి?"

"షుగర్ పేషెంటు కద మేడమ్," వెంటనే అందుకున్నాడు భరద్వాజ్. మాల్ ప్రాజెక్ట్ హెడ్. హైదరాబాద్ మనిషి. ఇస్త్రీ నలగని సూటు. "రక్తం చూసుకునేటందుకు పెట్టుకున్నరేమో."

పక్కనే ఉన్న నథానియేలు తలెత్తాడు. రావుగారితో రోజూ నడిచే మిత్రుడు. ముప్పై ఏళ్ళు హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసినవాడు.

"షుగర్‌కి స్లైడ్ ఎందుకయ్యా? స్ట్రిప్ చాలు గదా! ఇయ్యి నేనిచ్చినయ్యే. పోయినవారం పన్నెండు అడిగాడు. ఎందుకురా అంటే నవ్వి ఊరుకున్నాడు."

పన్నెండిట్లో నాలుగున్నాయి. మిగతా ఎనిమిదీ ఎక్కడ?

"భరద్వాజ్ గారూ, ఇవాళ ఆయన్ని చూశారా?"

"లేదు మేడమ్. తొమ్మిదిన్నర దాకా టెర్రస్ మీదనే ఉన్న."

"ఫోన్లో మాట్లాడారా?"

"మాట్లాడలే."

రావుగారి ఫోను 8:43 నుంచి స్విచ్ఛాఫ్.

"వీడు మా ఇంటి పిల్లాడే," అంది సుభద్ర కళ్ళొత్తుకుంటూ. "ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నాన్నా భరద్వాజ్, ఎలాగైనా వెతికించు."

భరద్వాజ్ తల ఊపాడు. వాచీ చూసుకున్నాడు.

10:16. పెర్సిస్ రెండో అంతస్తుకు పరిగెత్తింది. మిగతావాళ్ళు వెనకే వచ్చారు.

బోర్డుల మీద మాల్ పుట్టుపూర్వోత్తరాలు. 2002: రాళ్ళు, తుమ్మపొదలు, మేకలు. 2005: ఒకే బ్లాకు, మూడంతస్తులు. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని భయంభయంగా ఎస్కలేటర్ మీద కాలు పెడుతున్న ఆడవాళ్ళు. 2019: రెండు బ్లాకుల్నీ కలుపుకుని ఎనిమిది సినిమా హాళ్ళు. 2025: ఫుడ్ కోర్టు.

పెర్సిస్ ఆగింది. మళ్ళీ మొదటికొచ్చి చదివింది.

"రెండో బ్లాకు ఎప్పుడు కట్టారండీ?"

"పదకొండులో," అంది సుభద్ర. "ఆ రెండిట్నీ కలపడానికి ఆర్నెల్లు ఆయన ఇంటికే సరిగా రాలేదు."

మాల్ రెట్టింపైన సంవత్సరం మాల్ చరిత్రలోనే లేదు!

పెర్సిస్ బోర్డుల వెనక్కి దూరింది. రెండడుగుల సందు. మధ్యలో గోడకు ఆనించి ఇంకో బోర్డు ఉంది, మొహం గోడవైపు.

"ఎక్స్‌ట్రా బోర్డు, మేడమ్," అన్నాడు నవదీప్. అతను చేరి రెండేళ్ళే అయింది. అతని మనుషులు ఆ బోర్డు పక్కనుంచి మూడుసార్లు వెళ్ళొచ్చారు.

పెర్సిస్ దాన్ని లాగి తిప్పింది. 2011.

దాని వెనక గోడరంగే వేసిన పాత ఇనప తలుపు. ఆ పాత తలుపుకు తళతళలాడే కొత్త తాళం.

"కట్టర్ తెప్పించు! జల్దీ!"

10:24. తాళం తెగింది. రెండు బ్లాకుల గోడల మధ్య చీకటి సందు. టార్చి వెలుగులో రావుగారు నేలమీద ఒరిగి ఉన్నారు. చొక్కా తడిసి ముద్దయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"నీళ్ళు పొయ్యమాకండి, పొలమారుద్ది!" నథానియేలు అందర్నీ తోసుకుని వచ్చాడు. "సుభద్రమ్మా, మీ పర్సులో గ్లూకోజ్ పొడి తియ్యండి!"

తడివేలితో పొడి తీసి చిగుళ్ళకు రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. ఒక నిమిషం. రెండు. పెర్సిస్ అంబులెన్స్‌కి ఫోన్ చేసి వచ్చేసరికి మూడు.

"ఏవండీ," అంది సుభద్ర. "ఏవండీ!"

రెప్పలు కదిలాయి. పెర్సిస్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డ్యూటీలో అలా జరగకూడదు, కానీ జరిగింది.

అప్పుడు టార్చి గోడమీదికి తిప్పింది. పాత బ్లాకు గోడలో పైనుంచి కిందిదాకా పగులు. దానికి అడ్డంగా గాజు స్లైడ్లు అంటించి ఉన్నాయి. ప్రతిదాని మీదా మార్కర్‌తో పోయిన సోమవారం తారీఖు. మొత్తం ఎనిమిది. ఎనిమిదీ మధ్యకు విరిగాయి.

"చిన్నప్పుడు మా నర్సుల క్వార్టర్ గోడ బీటలిస్తే ఇంజనీరొచ్చి ఇలాగే గాజు ముక్క అంటించి తారీఖు రాశాడు," అంది పెర్సిస్. "దాన్ని గోకినందుకు మా అమ్మ వీపు చిట్లగొట్టింది. గాజు సాగదు. గోడ వెంట్రుకవాసి జరిగినా పుటుక్కుమంటుంది. టెల్‌టేల్ అంటారు కదా, భరద్వాజ్ గారూ?"

భరద్వాజ్ తలుపు వైపు ఒకడుగు వెనక్కి వేశాడు.

"నర్సు కూతురికే తెలిసింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న మీకు తెలీదా? స్లైడ్లు చూపిస్తే రక్తం కథ చెప్పారు. ఒక్కసారి నిజం చెప్పుంటే అందరం పగులు వెతుకుతూ నేరుగా ఇక్కడికే వచ్చేవాళ్ళం. ఈ తలుపు సంగతి పాత మనుషులకే తెలుసు. నవదీప్‌కి తెలీదు. నథానియేలు గారికీ తెలీదు." చెయ్యి చాపింది. "ఫోన్."

భరద్వాజ్ కోటు జేబులోంచి ఒక ఫోను తీశాడు. ఆమె చెయ్యి అలాగే ఉంది. రెండోది తీశాడు. దాని వెనక సుభద్ర ఫొటో అంటించి ఉంది.

"ఎనిమిదిన్నరకి ఫోన్ చేసిండు, ప్రారంభం ఆపమని. బి బ్లాకు దిక్కునుంచి వచ్చి ఫోన్ గుంజుకున్న, తాళమేసిన," అన్నాడు నేల చూపులతో. "ఎట్ల ఆపాలె మేడమ్? రెండేండ్ల పని. పన్నెండింటికి నేనే వచ్చి తలుపు తీద్దామనుకున్న, ఒట్టు. ఇన్సులిన్ సంగతి నాకు తెల్వదు."

సుభద్ర లేచి నిలబడింది.

"తెలీదా? రెండేళ్ళు మా ఇంట్లో అన్నం తిన్నావు. ఆయన సూది వేసుకోగానే కంచం తెచ్చి ముందు పెట్టింది ఎవరు? నేను కాదు. నువ్వే!"

భరద్వాజ్ రెండు ఫోన్లూ పెర్సిస్ చేతిలో పెట్టాడు.

10:41. పెర్సిస్ నవదీప్ వైపు తిరిగింది. "గేట్లు తెరవొద్దు. టెర్రస్ మీదున్న స్టాఫ్‌ని దింపు. మాల్ మొత్తం ఖాళీ చేయించు. అభీ, ఇప్పుడే!"

నవదీప్ వాకీటాకీలో అరుస్తూ పరిగెత్తాడు. స్ట్రెచర్ వచ్చింది.

"ఎన్ని... విరిగాయి?" రావుగారి గొంతు పీలగా వినిపించింది.

"ఎనిమిదీ విరిగాయి సార్."

"మూడంతస్తులకే పునాది వేశాను. ఆ పైన ఇంకేమీ పెట్టొద్దని రాసిచ్చాను కూడా." ఊపిరి తీసుకున్నారు. "ఈ బ్లాకు కూల్చాల్సిందే అమ్మా. రిపోర్టు రాసుకోండి, నేను సంతకం పెడతాను."

"సంతకం తర్వాత పెడుదురుగాని," అని సుభద్ర వెంట తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీసింది. నథానియేలు వైపు చూసింది. మింగగలడన్నట్టు అతను తల ఊపాడు. చిటికెడు ఇడ్లీ తుంచి భర్త నోట్లో పెట్టింది.

రావుగారు నెమ్మదిగా నమిలారు. స్ట్రెచర్ కదులుతున్నా ఆయన చూపు మాత్రం గోడ మీదే ఉంది.