వాన లేని నాటి వరద

అపరాహ్ణం నగరపాలక భవనంలో రాజీపత్రంపై సంతకాలు జరగనుండగా, ఆ ఉదయమే, క్రితం రోజే భర్తను పోగొట్టుకున్న ఆమె మౌనిగారి గుమ్మం ఎక్కింది. మితభాషి కావడం వల్ల ఆ ప్రైవేటు అపరాధ పరిశోధకుడికి లోకం పెట్టిన పేరది.

మురుగు పొర్లి నదిని విషం చేస్తున్నదని తీరవాసులు నగరంపై వేసిన దావాలో కుదిరిన రాజీ అది. దాని ప్రకారం, భారీ వర్షాలప్పుడే మురుగు పొంగుతున్నదని నగరం ఒప్పుకుంటుంది. తీరవాసులు అంతటితో తృప్తి పడతారు. కాని మురుగు కాలువల్లో దిగి పనిచేసే ఆమె భర్త వేరే మాట చెప్పబోయాడు. ఎండ కాసే రోజుల్లోనూ పంపులకు శ్రమ తప్పించడానికి గేటు ఎత్తి మురుగును నదిలోకి వదులుతున్నారని, రాజీని ఖాయం చేసే న్యాయాధికారికి చెబుతానన్నాడు. నిన్న ఆ గేటు అడుగునే శవమై తేలాడు.

“తాగి పడ్డాడంటున్నారండీ. ఆయన సోడా తాగినా తుమ్మేవాడు. ఆ నది నీళ్లతోనే మా పిల్ల మంచం పట్టింది. ఈ నింద నిలిస్తే ఆయన మాట ఎవరు నమ్ముతారు?”

తాగి పడ్డాడని చెప్పిందెవరని మౌనిగారు అడిగితే ఆమె తల వంచుకుంది. పంపుల కేంద్రం సూపర్‌వైజరు, ఆమె సొంత అన్న. శవాన్ని పైకి లాగినదీ అతడే.

శవాగారంలో దేహాన్ని ఇంకా కడగలేదు. చేతులు నల్లని జిడ్డులో ముంచి తీసినట్టున్నాయి. ఆ నలుపులో రాగి ఉంగరం ఒక్కటే తళతళలాడుతోంది. మౌనిగారు దానిని కాస్త జరిపి చూసి, యథాస్థానంలో ఉంచారు.

“ఇది ఎప్పుడూ వేలికే ఉంటుందా తల్లీ?”

“పైన ఉన్నప్పుడేనండీ. దిగే ముందు తాడు పట్టేవాడికి ఇస్తారు. వాడు తన వేలికి పెట్టుకుంటాడు, పైకొచ్చాక మళ్లీ వాడే తొడగాలి. మా వాళ్ల పద్ధతి.”

“అయితే దిగలేదన్నమాటే కదా గురువుగారూ. పడిపోయాడన్నదే నిజమవుతుంది,” అన్నాడు మౌనిగారి వెంట వచ్చిన శిష్యుడు దిగులుగా.

పంపుల కేంద్రంలో వెలుతురు సైతం కుళ్లినట్టుంది. వానలు పడి చాలాకాలమైంది. అయినా గేటు కింది గోడ నిలువెత్తున తడిగా మెరుస్తోంది. గేటును ఎత్తి దించే చక్రం పైనే ఉంది. తాను వచ్చేసరికే అంతా అయిపోయిందని, వైద్యశాల వారు వచ్చేదాకా తాను తప్ప ఎవరూ దేహాన్ని తాకలేదని సూపర్‌వైజరు చెప్పాడు.

“ఉంగరం?”

“వేలికే ఉంది సార్. నేను ముట్టుకోలేదు.”

సంతకాల వేళ మౌనిగారు న్యాయాధికారి అనుమతితో లేచారు. సినిమా కథ క్లుప్తంగా చెప్పమని నగర న్యాయవాది ఎకసెక్కమాడాడు.

“క్లుప్తమే. ఉంగరంతో పడి ఉంటే జిడ్డు ఉంగరం మీద ఉండాలి. ఇక్కడ ఉంగరం శుభ్రంగా ఉంది, జిడ్డు దాని కింద, చర్మం మీద ఉంది. కనుక చనిపోయాక తొడిగారు. దేహాన్ని తాకినవాడు ఒక్కడే, ఇక్కడే కూర్చున్న ఈ సూపర్‌వైజరు. తొడగాలంటే ఆ ఉంగరం అతడి దగ్గర ఉండాలి. దగ్గర ఉండాలంటే తాడు పట్టి ఉండాలి. గేటు చూద్దాం రమ్మని నమ్మించి దింపాడు, చక్రం తిప్పాడు. వాన లేని నాడు ఆ గోడను తడిపిన వరద అదే. సాక్ష్యం బయటికొస్తే, గేటు ఎత్తించినందుకు మొదట చెరసాలకు పోయేది తానే.”

ఆమె లేచి, అన్న ఎదుటికి నడిచింది.

“ఆయన తాడు నువ్వే పట్టుకున్నావా అన్నయ్యా?”

అతడు తన వేలిని చూసుకున్నాడు. “పారేద్దామనుకున్నానమ్మా. చెయ్యి రాలేదు. తాడు పట్టినవాడు ఉంచుకోకూడదు కదా.”

ఆమె ఇక అతడి వైపు చూడలేదు. భర్త చెప్పదలచినదంతా న్యాయాధికారి ఎదుట తానే చెప్పింది. న్యాయాధికారి కలం మూసి, కిటికీ వైపు తిరిగారు. నిర్మలాకాశం కింద నది నల్లగా పొంగుతోంది.

“సూపర్‌వైజరు ఇక్కడే ఉన్నాడు. మరి ఆ గేటు చక్రం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?” అని ఆయన అడిగారు.

నగర న్యాయవాది నవ్వలేదు.